నిండుకున్న డబ్బాలు

"వేలు ముంచి చూడు," అంది కాజాల పిన్ని.

లిఫ్టు మెకానిక్ గిన్నెలో వేలు ముంచాడు. బియ్యం పైన నిలిచిన నీళ్ళు వేలికి చల్లగా తగిలాయి.

"ఎంతవరకు వచ్చాయి?"

"ఎంతవరకు రావాలండీ?"

"మొదటి కణుపు దాకా."

"ఎవరి కణుపు పిన్నిగారూ? నా వేలు పొడుగు, మీ వేలు పొట్టి. బియ్యం మాత్రం అవే కదా?"

ఆవిడ కుడుతున్న చొక్కాని ఒళ్ళో దించి అతని మొహంలోకి చూసింది. వెక్కిరిస్తున్నాడేమో అనుకుంది ముందు. లేదు, నిజంగానే అడుగుతున్నాడు, పైగా సమాధానం కోసం వేలు గిన్నెలోనే ఉంచుకుని ఎదురుచూస్తున్నాడు.

"వండేవాడి వేలు నాయనా. రోజూ అదే వేలు పెట్టు. బియ్యమే నీకు అలవాటు పడతాయి."

ఇది పాఠమో వేళాకోళమో అతనికి బోధపడలేదు. అతని పనిలో ఇలాంటివి ఉండవు. ఏ బోల్టు ఎంత బిగించాలో, ఏ తాడు ఎంత మోస్తుందో పుస్తకంలో రాసి ఉంటుంది. లిఫ్టులో ఎంతమంది ఎక్కచ్చో రేకు మీద చెక్కి ఉంటుంది, అంతకు మించి ఒక్కడు ఎక్కినా గంట మోగుతుంది. ఇక్కడ గంటా లేదు, రేకూ లేదు. ఉప్పు ఎంత అంటే "తగినంత" అంటుంది. తగినంత అంటే ఎంత అంటే "నోటికి తగినంత" అంటుంది. ఎంతసేపు ఉడకాలి అంటే "ఉడికేదాకా". ఈవిడ చెబుతోందా దాస్తోందా అని అతనికి మొదటి రోజంతా అనుమానమే.

మేడ కింద, మెట్ల పక్క గదిలో ఆవిడ ఒక్కతే ఉంటుంది. దర్జీ కొట్టు నుంచి వచ్చే చొక్కాలకు కాజాలు కుడుతుంది కాబట్టి పెద్దా చిన్నా అందరికీ కాజాల పిన్నే. ఆ గది నుంచి సాయంత్రం పూట మెట్ల మీదికి వచ్చే వంట వాసనను ఇన్నాళ్ళూ అతను ముక్కుతో పీల్చి, చేతిలోని పార్సిల్ పొట్లంతో పైకి ఎక్కిపోయేవాడు. ఇప్పుడు కిందనే ఆగిపోవాల్సి వచ్చింది. దానికి కారణం అతని భార్య.

ఆవిడ ఆసుపత్రిలో నర్సు. మొగుడి రక్తపరీక్ష కాగితం చదివి, దాన్ని వెలుగులోకి ఎత్తిపట్టి, "ఇది రక్తమా, మూకుట్లో మిగిలిన నూనా?" అంది. "సీసాలో పట్టి ఇస్తే దీపం పెట్టుకోవచ్చు." ఆపైన ఇద్దరి జీతాల్లో ఎంత భాగం పార్సిళ్ళకి పోతోందో కూడా చెప్పి, ఇకనుంచి ఇంట్లోనే, మొదట్నుంచీ, చేత్తో వండుకు తినడమేనని తేల్చేసింది. ఆ చేతులు ఎవరివి అన్నది కూడా ఆవిడే తేల్చింది. ఆవిడకి రాత్రి డ్యూటీ, అతనికి సాయంత్రాలు ఖాళీ. "నాకు రాదే" అన్నాడతను. "నాకు మాత్రం పుట్టగానే వచ్చిందా?" అని ఆవిడ బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అతనికి నిజంగానే రాదు. పలక పట్టిన ఏడే హాస్టల్లో పడ్డాడు. గంట కొడితే కంచం పట్టుకుని నిలబడటం, గరిటె పడితే ముందుకు జరగడం, అన్నం గురించి అతనికి తెలిసిన శాస్త్రం అంతే. అక్కడ ఉంది అంటే ఉంది, లేదు అంటే లేదు. చాలు అంటే గరిటె ఆగుతుంది, అనకపోయినా ఆగుతుంది. మాటకి రెండో అర్థం వెతుక్కునే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

మొదటి రోజు అన్నం, పప్పు, వంకాయ కూర అయ్యాయి. ఉల్లిపాయలు తరుగుతూ అతను కళ్ళనీళ్ళు పెట్టుకుంటే ఆవిడ నవ్వింది. పప్పు ఎనపమంటే గరిటె తలకిందులుగా పట్టుకుని గిన్నెను గుద్దితే ఇంకా నవ్వింది. అయ్యాక సగం పైగా అతని బాక్సులో సర్దింది. "మీ ఆవిడకి కూడా పట్టుకెళ్ళు. రాత్రంతా నిలబడే పిల్ల."

"రేపు కూడా రావచ్చా అండీ?"

"దానికేం భాగ్యం. నాకూ మాట తోడు."

అతను పైకి వెళ్ళి, ఆ పూట పార్సిలుకి పెట్టాల్సిన డబ్బుని ఖాళీ టీ డబ్బాలో వేసి మూత పెట్టాడు. మిగిలిన డబ్బు కంటికి కనపడాలని నర్సు పెట్టిన పద్ధతి అది. సరుకులు ఎవరివి అన్న ఆలోచన ఆ క్షణంలో అతని బుర్రలోకి రాలేదు. హాస్టల్లో బియ్యం ఎక్కణ్ణుంచి వచ్చేవో కూడా అతను ఎప్పుడూ ఆలోచించలేదు. వంట ఉన్నచోట సరుకులు ఉంటాయి, అంతే అనుకున్నాడు. మంచివాడే పాపం, తెలివి తక్కువంతే.

*

మర్నాడు అతను వెళ్ళేసరికి పిన్ని కిటికీ దగ్గర కూర్చుని కాజా కుడుతోంది. బ్లేడు మొనతో గుడ్డ మీద గీత కోసి, అంచు వెంబడి దారాన్ని చుట్టుకుంటూ, సూదిని లాగిన ప్రతిసారీ చిటికెన వేలితో చిన్న విసురు విసిరి ముడి బిగిస్తోంది. ఎప్పుడూ ఆవిడ పక్కన చొక్కాలు కుప్పగా ఉండేవి. ఆ రోజు మూట చిన్నగా ఉంది.

"పని తక్కువగా ఉందేం పిన్నిగారూ?"

"దర్జీ మిషను కొన్నాడట. కాజాలు కుట్టే మిషను." ఆవిడ దారం తెంపింది. "నొక్కితే చాలు, టకటకా పడిపోతాయట."

"మంచి పని చేశాడు," అన్నాడు లిఫ్టు మెకానిక్. మిషన్లంటే అతనికి ప్రాణం. "మీ కళ్ళకి విశ్రాంతి. ఎన్నాళ్ళని ఇలా పొడుచుకుంటారు?"

పిన్ని చొక్కా మడిచి పక్కన పెట్టింది. లేచి వంటగట్టు దగ్గరికి వచ్చింది. గట్టు పైన చెక్క అల్మరాలో వరసగా రేకు డబ్బాలు. ఆవిడ ఒకదాని మూత తీసి, లోపలికి చూసి, మళ్ళీ పెట్టేసింది. గోడకేసి చూస్తూ, మెల్లగా, "నూనె నిండుకుంది బాబూ," అంది.

అతను సంతోషించాడు. ఒట్టి మాట కాదు, మనస్ఫూర్తిగా సంతోషించాడు.

"అబ్బ, అదృష్టవంతులండీ మీరు! మా ఇంట్లో చుక్క లేదు."

ఆవిడ చటుక్కున తలతిప్పి చూసింది. అతని మొహంలో ఏ కల్మషమూ లేదు. నవ్వుతున్నాడు కూడా. ఆవిడ ఆ డబ్బాని అల్మరాలో వెనక్కి జరిపింది.

"ఇవాళ కూర ఉడకబెట్టేద్దాంలే," అంది చివరికి.

ఉడకబెట్టారు. చుక్క నూనె వెయ్యలేదు. అతను ఆశ్చర్యపోయాడు. నూనె డబ్బా నిండా ఉన్నా ముట్టుకోలేదు ఈవిడ! నర్సు కాగితం పట్టుకుని నెత్తీనోరూ మొత్తుకున్నది ఇదే కదా. ఎదురుగా ఉన్నదాన్ని తినకుండా ఉండటమే ఆరోగ్యమన్నమాట. ఈ రహస్యం ఎవరూ చెప్పరేం?

"పప్పు మాటేంటండీ?"

"అదీ నిండుకోవచ్చింది."

"ముందుచూపంటే మీదే పిన్నిగారూ," అన్నాడు.

పిన్ని పప్పు డబ్బాని గిన్నె మీద వంచి, అడుగున అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. గుప్పెడు పప్పు రాలింది. అందులో నీళ్ళు ఎక్కువ పోసింది. ఎందుకు అన్ని నీళ్ళు అని అతను అడగలేదు. అడిగితే మళ్ళీ కణుపు లెక్క చెబుతుందని భయం.

మధ్యాహ్నం పూట లిఫ్టు గది మెట్ల మీద కూర్చుని బాక్సు తెరిచినప్పుడు అతను తోటి మెకానిక్‌కి ఇదంతా వర్ణించి చెప్పాడు. "డబ్బాల నిండా సరుకులున్నాయయ్యా. అయినా చేతికి రానివ్వదు. చూడు, నీళ్ళలా ఉంది పప్పు. ఎంత తేలికో పొట్టకి!"

తోటివాడు వేలితో ముంచి నాకి మొహం చిట్లించాడు. "డబ్బాలు పెట్టుకుని నీళ్ళు తాగడమేంటిరా? పిసినారిదా?"

"పిసినారి అయితే నాకు సగం ఎందుకు పెడుతుంది?"

ఇద్దరూ దాని గురించి కాసేపు ఆలోచించారు. ఇద్దరికీ ఏమీ తోచలేదు. తర్వాత పై అంతస్తులో లిఫ్టు ఆగిపోయిందని ఎవరో అరిస్తే లేచి వెళ్ళారు.

నర్సు మాత్రం డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగింది. "కిందావిడకి ఏమైనా తీసుకెళ్ళి ఇస్తున్నావా? ఉత్తి చేతుల్తో వెళ్ళి తిని రాకు."

"ఆవిడకి ఏం తక్కువే? డబ్బాలు పొంగిపోతున్నాయి అక్కడ."

"నువ్వు చూశావా?"

"ఆవిడే చెప్పిందిగా."

నర్సు ఇంకేదో అనబోయింది గానీ ఆవులింత అడ్డం వచ్చింది. మంచం మీద వాలిన మరుక్షణం నిద్రపోయింది. అతను టీ డబ్బాని ఒకసారి ఊపి చూసుకున్నాడు. అది బాగానే బరువెక్కింది.

*

మూడో నాలుగో సాయంత్రానికి అతని అయోమయం ఇంకా పెరిగింది. పిన్ని ఏ డబ్బా తీసినా నిండుకుందనే అంటోంది. చింతపండు నిండుకుంది, కారం నిండుకుంది. నిండుకున్నకొద్దీ వంట మాత్రం పలచబడిపోతోంది. ఒకపూట ఉత్తి గంజిలో కూరగాయ తొక్కులు వేసి ఉడికించింది. "తొక్కులోనే బలం" అంది, అతని వైపు చూడకుండా. అతను అది కూడా బుర్రలో భద్రం చేసుకున్నాడు.

అతను కూర్చునే పీట పక్కన దర్జీ మూట ఇప్పుడు లేదు. సూది దారపు ఉండకి గుచ్చి కిటికీలో ఉంది. పిన్ని చేతులకి పని లేక చీరకొంగు అంచుని మడుస్తూ విప్పుతూ ఉన్నాయి.

"మీరు తినరేంటి పిన్నిగారూ?"

"నువ్వు వెళ్ళాక తింటాలే. వండినవాళ్ళకి వాసనకే కడుపు నిండుతుంది."

ఇది మాత్రం అతనికి అర్థమైంది అనుకున్నాడు. కడుపు నిండింది, డబ్బాలు నిండాయి. అన్నీ నిండిన ఇల్లు.

బియ్యం తీయడానికి ఆవిడ మునివేళ్ళ మీద లేస్తుంటే, "ఉండండి, నేను తీస్తా" అని అతను చెయ్యి చాపాడు. పెద్ద డబ్బా కదా, బరువుంటుందని రెండు చేతులా బలంగా పట్టి ఎత్తాడు. డబ్బా అతని చేతుల్లోంచి దాదాపు ఎగిరింది. కొంచెంలో నెత్తికి తగిలేది. అడుగున ఎక్కడో నాలుగు గింజలు గలగలమన్నాయి.

రోజూ బరువులతో బతికేవాడు. అయినా అతని చేతులకు తెలిసింది బుర్రకి ఎక్కలేదు. ఇంత పెద్ద డబ్బా, ఇంత తేలికేంటి? రేకు పలచనిదేమో అనుకుని, డబ్బాని తిప్పి అడుగు వైపు చూశాడు. పిన్ని గబుక్కున లాక్కుంది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"బియ్యం కూడా నిండుకున్నాయి బాబూ," అంది.

ఈసారి ఆవిడ గోడని చూడలేదు. అతని కళ్ళలోకే చూసింది. అంత తిన్నగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. అతను ఏదో అనాలి అని అతనికి తెలిసింది. ఏం అనాలో మాత్రం తెలియలేదు. తెలియనప్పుడు నోరు మూసుకుంటే సగం కష్టాలు ఉండవు ఈ లోకంలో. అతను సాయం చెయ్యాలనుకున్నాడు.

"అయితే డబ్బాలు చాలట్లేదా అండీ? మా ఇంట్లో రెండు ఖాళీవి ఉన్నాయి. మూతలు కూడా గట్టివి. తెచ్చి ఇస్తా!"

అని ఆగలేదు. ఒక్క పరుగున పైకి వెళ్ళి, రెండు ఖాళీ డబ్బాలు కడిగి, తుడిచి, పట్టుకొచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

పిన్ని రెండు డబ్బాలనీ చెరో చంకలో పట్టుకుని గది మధ్యలో నిలబడింది. "ఉంచు బాబూ," అంది. "వెళ్ళు, పొద్దుపోయింది."

ఆ పూట ఆవిడ అతనికి బాక్సు కట్టలేదు. పొయ్యే వెలిగించలేదని అతను మెట్లు ఎక్కుతుంటే గుర్తొచ్చింది.

మర్నాడు తలుపు తట్టితే సందులోంచి, "ఇవాళ ఒంట్లో బాలేదు" అంది. ఆ మర్నాడు, "నాకు ఆకలిగా లేదు, వంట లేదు" అంది. తలుపు మాత్రం తెరవలేదు. అతను గుమ్మం ముందు ఖాళీ బాక్సుతో కాసేపు నిలబడ్డాడు. ఎక్కడ తప్పు జరిగింది? డబ్బాలిచ్చి మరీ మంచిగా ఉన్నాడు కదా. అతనికి కొంచెం కోపం కూడా వచ్చింది. పిలిచి నేర్పి, మధ్యలో తలుపు వేసుకోవడమేంటి?

"రోజూ వెళ్ళి కూర్చుంటే ఎవరికైనా విసుగే," అంది నర్సు, తల దువ్వుకుంటూ. "కొన్నాళ్ళు వెళ్ళకు. వచ్చినంతవరకు నువ్వే వండు."

సరే, తనే వండుతాననుకున్నాడు. వండటానికి ఏం కావాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఉప్పు కూడా లేదు. ముందు ఉప్పుతో మొదలుపెడదామని వీధి చివరి కొట్టుకి వెళ్ళాడు.

*

కొట్లో నలుగురు నిలబడి ఉన్నారు. కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కందిపప్పు పొట్లం కడుతున్నాడు.

"ఉప్పు ఒక పాకెట్టు ఇవ్వండి."

"ఉప్పు నిండుకుంది తమ్ముడూ. రేపు రా."

లిఫ్టు మెకానిక్ కదల్లేదు. "నిండుకుంటే ఇవ్వడానికేం?"

కొట్టాయన దారం నోట్లో పెట్టుకునే తలెత్తాడు. "నిండుకుందయ్యా బాబూ."

"వినపడిందండీ. అంత నిండా పెట్టుకుని, ఒక్క పాకెట్టుకి రేపు రమ్మంటారేం?"

పక్కన నిలబడ్డావిడ ఫక్కున నవ్వింది. కొట్టాయన నోట్లోంచి దారం తీసేసి, ఇతనికి మతి ఉందా అన్నట్టు చూశాడు. అతని మొహంలో నిజమైన అయోమయం కనపడి కాస్త మెత్తబడ్డాడు.

"ఏ దేశం నుంచి దిగావయ్యా? నిండుకుంది అంటే అయిపోయిందని."

"నిండుకుంది అంటే నిండిందని కదా?"

"నిండింది వేరు, నిండుకుంది వేరు. సరుకు లేదు లేదు అని నోటితో అంటే ఉన్నది కూడా పోతుందని మా అమ్మ మూతి మీద కొట్టేది. అందుకని నిండుకుంది అంటాం. గడప దాటేటప్పుడు పోతున్నా అంటావా? వెళ్ళొస్తా అంటావా లేదా?"

"వెళ్ళొస్తా అంటాను."

"ఇదీ అంతే. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటాం. డబ్బా ఖాళీ అయితే నిండుకుంది అంటాం. ఇళ్ళల్లో ఆడవాళ్ళు రోజూ అనే మాటే కదయ్యా, మీ ఇంట్లో ఎవరూ అనరా?"

"మా ఇంట్లో డబ్బాలు లేవండీ," అన్నాడతను.

అంటూనే అతనికి పిన్ని అల్మరాలోని డబ్బాలు గుర్తొచ్చాయి. కొట్టు అరుగు మీద, ఎవరి బియ్యం బస్తా మీదనో కూర్చుండిపోయాడు.

నూనె నిండుకుంది బాబూ. అదృష్టవంతులండీ మీరు. పప్పు నిండుకోవచ్చింది. ముందుచూపంటే మీదే. ఒక్కో మాటా తిరిగి వచ్చి ఈసారి సరైన చోట గుచ్చుకుంది. ఆవిడ అడిగింది. ఒకసారి కాదు, పూటపూటా అడిగింది. నోరు తెరిచి చెయ్యి చాపలేని మనిషి ఎలా అడగగలదో అలా అడిగింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ఈవిడ అడిగితే కూడా అతను పెట్టలేదు. పెట్టకపోగా ఆవిడ అడుగు పప్పు, అడుగు బియ్యం బాక్సు కట్టించుకుని పైకి పట్టుకెళ్ళి, పొట్టకి తేలికగా ఉందని మెచ్చుకున్నాడు. మిగిలిన డబ్బు డబ్బాలో వేసుకుని ఊపి చూసుకున్నాడు. బియ్యం అయిపోయాయి నాయనా అని ఆవిడ కళ్ళలోకి చూసి చెబితే, రెండు ఖాళీ డబ్బాలు కడిగి తుడిచి చేతిలో పెట్టాడు.

"ఒంట్లో బాగానే ఉందా తమ్ముడూ?" అన్నాడు కొట్టాయన.

"ఖాళీ డబ్బాలిచ్చానండీ," అన్నాడతను. అతని కళ్ళు మండాయి.

కొట్టాయనకి ఏమీ అర్థం కాలేదు. అయినా మంచినీళ్ళ చెంబు ముందుకి జరిపాడు.

లిఫ్టు మెకానిక్ లేచి ఇంటికి పరిగెత్తాడు. టీ డబ్బా మూత పీకి, బోర్లించి, ఉన్నదంతా జేబులో కుక్కుకుని తిరిగి వచ్చాడు. బియ్యం, పప్పు, నూనె, చింతపండు, కారం, ఉల్లిపాయలు, వంకాయలు, కనపడినవన్నీ తూయించాడు. కొట్టాయన ఒక్కో పొట్లం ఇస్తూ, "ఉప్పు మాత్రం..." అని నసిగితే, "తెలుసండీ, నిండుకుంది" అన్నాడు.

*

సంచీలు మోసుకుంటూ మెట్ల దాకా వచ్చాక అసలు చిక్కు ఎదురైంది. తలుపు కొట్టి ఏమనాలి? మీ ఇంట్లో బియ్యం లేవట కదా, తెచ్చాను తీసుకోండి అనాలా? లేదు అన్న మాటే నోటరాని మనిషి ముందు ఆ మాట ఎలా అనడం? పోనీ సంచీలు గుమ్మంలో పెట్టి పారిపోతే? అది దానంలా ఉంటుంది. ఆవిడ పైకి మోసుకొచ్చి మరీ అతని గుమ్మంలో పెట్టేస్తుంది, ఆ మాత్రం అతనికి కూడా తెలుసు. బియ్యం సంచీ భుజం కోస్తోంది. చాలాసేపు నిలబడి, చివరికి చేతనైన ఒక్క మాటే పట్టుకుని తలుపు తట్టాడు.

"ఎవరు?"

"నేనే పిన్నిగారూ. పైన లిఫ్టు మెకానిక్‌ని."

"ఒంట్లో బాలేదు బాబూ."

"వంటకి రాలేదండీ." అతను గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో ఉప్పు నిండుకుంది. మీ దగ్గర ఉంటే కొంచెం ఇస్తారేమోనని."

లోపల చప్పుడు ఆగింది. తర్వాత గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. పిన్ని మొహం పీక్కుపోయి ఉంది. ఆవిడ అతన్ని చూసింది, అతని భుజాన, చేతుల్లో, కాళ్ళ దగ్గర ఉన్న సంచీలని చూసింది.

"ఏమన్నావు?"

"ఉప్పు నిండుకుంది అన్నానండీ."

"అంటే?"

"అంటే..." అతను తల వంచుకున్నాడు. "అయిపోయిందనటండీ. నాకు ఇందాకే తెలిసింది. కొట్టాయన చెప్పాడు."

పిన్ని తలుపు రెక్క పట్టుకునే ఉంది. "ఇందాక తెలిసిందా?"

"ఒట్టు పిన్నిగారూ. హాస్టల్లో ఎవరూ అనలేదండీ ఆ మాట. నిండుకుంది అంటే నిండా ఉందనుకున్నాను. మీరు అన్నన్నిసార్లూ అలాగే అనుకున్నాను. డబ్బాలు చాలట్లేదనుకునే డబ్బాలు తెచ్చాను."

ఆవిడ ఏడుస్తుందేమోనని అతను భయపడ్డాడు. ఆవిడ నవ్వింది. ముందు ముక్కుతో, తర్వాత భుజాలు కదిలేలా, తర్వాత గోడకి ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. "డబ్బాలు! తుడిచి మరీ..." అంది. మాట పూర్తికాలేదు. నవ్వు ఎక్కడ ఆగిందో, ఏడుపు ఎక్కడ మొదలైందో అతను పోల్చుకోలేకపోయాడు. ఆవిడ కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"నేనేమనుకున్నానో తెలుసా?" అంది. "తిన్నన్నాళ్ళు తిని, ఇప్పుడు నా లేమిని చూసి ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. ఆ రాత్రి డబ్బాలని చూస్తే ఒళ్ళు మండిపోయింది. నీ నెత్తిన విసిరికొడదామని రెండుసార్లు మెట్లెక్కి దిగాను."

"కొట్టాల్సింది పిన్నిగారూ. అప్పుడే తెలిసుండేది."

"లోపలికి రా, ముందు ఆ సంచీలు దించు. చేతులు పడిపోతాయి," అంది. వెంటనే మొహం మార్చి, "ఇవన్నీ ఎందుకు తెచ్చావు? నాకేం వద్దు," అంది.

"మీకు కాదండీ. నాకు వంట నేర్చుకోవడానికి. నా వంటకి నా సరుకులు. అల్మరా మాత్రం మీది. మా ఇంట్లో డబ్బాలు లేవు కదా, రెండుంటే మీకిచ్చేశాను."

పిన్ని అతని వంక ఓరగా చూసింది. అబద్ధాలు చెప్పడం అతనికి వంటకన్నా తక్కువ వచ్చు. ఆవిడ మాత్రం వాదించలేదు.

ఆ సాయంత్రం ఆవిడని పీట మీద కూర్చోబెట్టి అతను వండాడు. అతని రెండు డబ్బాలూ అల్మరాలో చివరన, కొత్త మెరుపుతో ఉన్నాయి. ఒకదాంట్లో బియ్యం పోసి, మూత పెట్టేముందు అందులోంచే కొలిచి తీశాడు. కడిగాడు. నీళ్ళు పోసి వేలు ముంచాడు, నీళ్ళు కణుపు దాకా వచ్చాయి. ఎవరి కణుపని అడగలేదు. ఉల్లిపాయలు తరిగాడు, కళ్ళనీళ్ళు వచ్చాయి, ఎవరూ నవ్వలేదు. పప్పు మెత్తగా అయ్యేదాకా ఎనిపాడు. వంకాయ ముక్కలు నూనెలో కాస్త మాడాయి. "మాడుతోంది, మాడుతోంది" అని పిన్ని లేవబోతే, "మీరు కూర్చోండి" అని గట్టిగా అన్నాడు. ఆవిడ కూర్చుంది. కాజాలు కుట్టే చేతులు ఒళ్ళో ఊరికే ఉండలేక వేళ్ళు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"ఉప్పు?" అన్నాడతను.

ఆ ఇంట్లో అయిపోకుండా మిగిలింది ఆ ఒక్కటే. ఆవిడ చిన్న గిన్నె అందించింది. ఎంత అని అడగబోయి మానేసి, కొంచెం వేసి, నాలిక మీద రాసుకుని, మరికొంచెం వేశాడు.

నర్సుకని బాక్సులో సర్ది పక్కన పెట్టి, పిన్నికి కంచం పెట్టాడు. అన్నం పెట్టి, పప్పు పోసి, కూర వేశాడు. ఆవిడ మొదటి ముద్ద చాలా నెమ్మదిగా కలిపింది. రెండోది అంత నెమ్మదిగా కాదు. మూడో ముద్దకి అతను తల తిప్పుకుని పొయ్యి తుడవడం మొదలుపెట్టాడు. ఆకలిగా ఉన్న మనిషి తింటుంటే చూడకూడదని హాస్టల్లో ఎవరూ చెప్పకపోయినా అతనికి తెలుసు.

కంచంలో వేళ్ళ చప్పుడు ఆగాక తిరిగి చూస్తే, అన్నం అయిపోయింది. అతను గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్ళాడు.

"చాలు బాబూ, చాలు," అంది పిన్ని, కంచానికి చెయ్యి అడ్డం పెట్టి.

గరిటె గాలిలో ఆగింది. అలవాటది. చాలు అంటే ఆగాలి. కానీ అతను ఆ చేతిని చూశాడు. కంచానికి అడ్డం పెట్టింది గానీ, జానెడు ఎత్తున పెట్టింది. వేళ్ళ మధ్య సందులున్నాయి. ఆ చేతి కిందనుంచి గరిటె హాయిగా దూరుతుంది.

అతను అన్నం వడ్డించాడు.

"చాలంటుంటే వినవేం?"

"నాకు మాటలు సరిగ్గా అర్థం కావు కదండీ," అన్నాడు లిఫ్టు మెకానిక్, పప్పు గరిటె అందుకుంటూ.

పిన్ని అడ్డం పెట్టిన చెయ్యి తీసేసి, అన్నం కలుపుకుంది.